చైత్ర వైశాఖముల వానజల్లులు: వాతావరణ సూచనను గ్రహించు విధము

మార్చి నెల మధ్య మొదలుకొని మే నెల చివరి వరకు మన దేశములో కురియు వానలు ఋతుపవనముల వలె దినముల తరబడి పట్టి కురియునవి కావు. ఉదయము ఆకాశము నిర్మలముగా నుండును. మధ్యాహ్నము ఎండ మాడ్చివేయును. మూడు నాలుగు గంటల వేళ ఒక మూల మబ్బు లేచి, గాలిదుమారము రేగి, ఉరుములతో మెరుపులతో గంటసేపు వాన కురిసి, రాత్రి భోజనముల వేళకు చుక్కలు కనిపించును. కేరళ, కర్ణాటక రాష్ట్రములలో వీటిని మామిడి జల్లులందురు. కాఫీ తోటలవారికి ఇవి పూతజల్లులు. వంగదేశములో వీటికి కాలవైశాఖి యనియు, అస్సాములో బర్దోయిసిలా యనియు పేర్లు కలవు. తెలుగు రైతు రేవతి, అశ్వని, భరణి, కృత్తిక కార్తెల పేరుతో వీటిని లెక్కించుకొనును. పేరేదైనను, బీటలువారిన నేలకు ఈ జల్లులు చల్లదనమును, వేసవి దుక్కికి అదనును తెచ్చును.

అయితే ఈ జల్లులతో పాటు పిడుగు కూడ వచ్చును. జాతీయ నేర గణాంకముల సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో ప్రకృతి వైపరీత్యముల వలన మన దేశమున మరణించినవారు 8,060 మంది. వారిలో 2,887 మంది పిడుగుపాటుకు గురియైనవారు. వరదలు, తుపానులు పత్రికల మొదటి పుటలకెక్కును. పిడుగు ఒక ఊరిలో ఒకరిని, ఇంకొక ఊరిలో ఇద్దరిని తీసికొనిపోవును గనుక, ఆ మరణములన్నియు కూడి ఎంత సంఖ్య యగుచున్నదో ప్రజల దృష్టికి రాదు. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల కాలములో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు లెక్కించిరి. అంతకు ముందటి సంవత్సరము మే నెల మొత్తము మీద పడినవి సుమారు 30,000. ఆ ఒక్క దినమున కనీసము తొమ్మిదిమంది మరణించిరి. వారిలో తొమ్మిదేండ్ల బాలిక యొకతె.

ఈ మరణములలో పెక్కు నివారింపదగినవి. ఏలయనగా, పిడుగు ఫలానా చెట్టుపై పడునని ముందుగా చెప్పజాలకపోయినను, ఫలానా రెండు దినములలో, ఫలానా జిల్లాలలో, మధ్యాహ్నము తరువాత ఉరుముల వాన రాగలదని నేడు ముందుగనే చెప్పగలుగుచున్నారు. ఆ సూచనను విని పనివేళలను మార్చుకొనుటయే ముఖ్యము.

ఈ వానలు ఎట్లు పుట్టును

వేసవిలో నేల కాగి, దానినంటియున్న గాలి తేలికయై పైకి లేచును. బంగాళాఖాతము నుండి వీచు తేమగాలి ఒకవైపు నుండి, దేశపు లోతట్టు నుండి వచ్చు పొడిగాలి మరియొకవైపు నుండి వచ్చి ఒక గీత వెంబడి కలియును. రేడియోలో తరచు వినబడు ‘ద్రోణి’ యను మాటకు ఈ కాలములో స్థూలముగా అర్థమిదియే. ఈ ద్రోణి పెక్కుసార్లు విదర్భ ప్రాంతము నుండి కర్ణాటక లోతట్టు మీదుగా తమిళనాడు వరకు ఉత్తర దక్షిణములుగా వ్యాపించియుండును. తెలంగాణ, రాయలసీమలు దానికి చేరువలో నుండుటచే అచ్చట మధ్యాహ్నపు మబ్బులు త్వరగా లేచును.

ఇట్లు లేచిన మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తునకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, గోపురము వలె పెరుగును. క్యుములోనింబస్ మేఘమనగా ఇదియే. దాని పైభాగమున నీరు గడ్డకట్టి మంచు పలుకులగును. ఆ పలుకులును, మెత్తని వడగండ్లును ఒకదానినొకటి రాచుకొనుటచే మేఘములో విద్యుత్తు వేరుపడి, సాధారణముగా ధనవిద్యుత్తు పైకిని, ఋణవిద్యుత్తు క్రిందికిని చేరును. ఆ విద్యుత్తు నేలను చేరుటయే పిడుగు. అది పోవు దారిలోని గాలి క్షణకాలము సుమారు 30,000 సెంటీగ్రేడు డిగ్రీల వరకు కాగును. అనగా సూర్యుని ఉపరితలపు వేడికి అయిదు రెట్లు. అంత వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటచే పుట్టిన చప్పుడే ఉరుము. అందుచేత ఉరుము లేని పిడుగు లేదు, మెరుపు లేని ఉరుము లేదు.

సూచనలోని మాటలకు అర్థము

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. 1864లో కలకత్తాను ముంచెత్తిన తుపాను, 1866, 1871 సంవత్సరములలో వానలు తప్పుట, దాని స్థాపనకు కారణములు. నేడు హైదరాబాదు, అమరావతి కేంద్రముల నుండి తెలుగు ప్రాంతములకు దినదినము సూచనలు వెలువడుచున్నవి. హైదరాబాదు, విశాఖపట్నము, మచిలీపట్నములలోని డాప్లర్ రాడార్లు మబ్బుల కదలికను కనిపెట్టుచుండును. ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారమునాటి సూచన ఈ విధముగా నుండవచ్చును: “శని, ఆదివారములలో రాయలసీమలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుండి మోస్తరు వర్షము కురియు అవకాశము గలదు. గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగముతో ఈదురుగాలులు వీచవచ్చును.”

ఇందులో ప్రతి మాటకు నిర్దిష్టమైన కొలత గలదు. ‘ఒకటి రెండు చోట్ల’ అనగా ఆ ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నూటికి 25కు మించని చోట్ల వాన పడునని భావము. ‘కొన్ని చోట్ల’ అనిన 26 నుండి 50 వరకు, ‘అనేక చోట్ల’ అనిన 51 నుండి 75 వరకు. అంతకు మించినచో దాదాపు అన్ని చోట్ల యని అర్థము. కావున ‘ఒకటి రెండు చోట్ల’ అని చెప్పిన దినమున నాలుగూళ్ళలో మూడూళ్ళకు చినుకు పడకపోవుట సూచన తప్పుటకు నిదర్శనము కాదు. సోమవారము ఉదయము రచ్చబండ వద్ద వాతావరణ శాఖను ఎగతాళి చేయు పెద్దలు ఈ సంగతిని గమనింపవలెను. వాన పడిన నాలుగవ ఊరివారు ఆ ఎగతాళిలో కలియరు.

‘తేలికపాటి వర్షము’ అనగా ఒక దినము ఉదయము 8.30 గంటల నుండి మరునాటి ఉదయము 8.30 గంటల వరకు 2.5 నుండి 15.5 మిల్లీమీటర్లు. ‘మోస్తరు’ అనగా 15.6 నుండి 64.4 వరకు. 64.5 మొదలు 115.5 వరకు ‘భారీ’, ఆపైన 204.4 వరకు ‘అతి భారీ’. ఇచ్చట ప్రజలు పొరబడు విషయ మొకటి కలదు. తేలికపాటి వాన యనగానే తేలికపాటి అపాయమని తలచుచుందురు. మేఘములోని విద్యుత్తుకు, మేఘము కురిపించు నీటికి అట్టి లెక్క లేదు. నాలుగు చినుకులు రాల్చిపోవు మబ్బు సైతము ప్రాణము తీయగలదు. వాన పడుచున్న చోటికి పది పదిహేను కిలోమీటర్ల దూరమున, తల మీద మబ్బు లేని చోట గూడ పిడుగు పడిన సందర్భములు కలవు. సూచనలో ‘ఉరుములు, మెరుపులతో కూడిన’ అను మాటలున్నవా లేవా యని చూడవలెను గాని, వాన ఎన్ని మిల్లీమీటర్లని కాదు.

సూచనకు రంగులు కూడ కలవు. ఆకుపచ్చ రంగు హెచ్చరిక ఏదియు లేదని తెలుపును. పసుపు రంగు గమనించుచుండుమనియు, నారింజ రంగు సిద్ధముగా నుండుమనియు, ఎరుపు రంగు వెంటనే చర్య తీసికొనుమనియు తెలుపును. ఇవి గాక, రాబోవు మూడు గంటలకు మాత్రము వర్తించు తక్షణ సూచనలు అప్పుడప్పుడు వెలువడుచుండును. పుణె నగరములోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యను యాప్, చేతి ఫోనులో నుంచుకొన్నవారికి 20 నుండి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడు సూచనను అందించును. ఊరిలో నలుగురి ఫోనులలో నున్నను చాలును. వారు తక్కినవారికి చెప్పవచ్చును.

పనివేళల మార్పు

పిడుగుపాటున మరణించువారిలో ఎక్కువమంది పొలములలో పనిచేయువారు, పశువులను, గొర్రెలను మేపువారు. వారు అజాగ్రత్త గలవారని తలచుట న్యాయము కాదు. ఏప్రిల్ నెలలో యాసంగి వరి కోతలు, గుంటూరు మిరపకాయ కల్లములు, నిజామాబాదు పసుపు ఆరబోతలు ఒకేసారి సాగుచుండును. ఆరునెలల కష్టము కల్లములో ఆరబోసియుండగా, పడమట మబ్బు కనిపించినప్పుడు ఇంటిల్లిపాదియు టార్పాలిను పట్టాలు పట్టుకొని కల్లమునకు పరుగెత్తుట సహజము. వారు మైదానము నడుమ నిలువునా నిలిచి, తడి పట్టాలను లాగుచుండు ఆ పావుగంటయే మిక్కిలి అపాయకరమైనది.

దీనికి ఉపాయము శుక్రవారమునాటి సూచనలోనే యున్నది. ఉరుముల వాన సూచన యున్న దినములలో ధాన్యమును ఉదయము ఎండబెట్టి, మధ్యాహ్నము ఒంటిగంట లోపుననే కుప్పచేసి కప్పి, పట్టా అంచులపై బరువులుంచి ఇంటికి చేరవలెను. రెండు మూడు గంటల ఎండ నష్టమగుట నిజమే. ఆ దినము వాన పడకపోవచ్చును గూడ. అయినను ఆ నష్టము మరునాటి ఎండతో తీరును.

వేసవిలో తాటిచెట్లెక్కు గీతపనివారికి సాయంకాలపు ఎక్కుడు సరిగా మబ్బు లేచు వేళకే వచ్చును. చుట్టుపక్కల నన్నిటికంటె ఎత్తైన చెట్టు పైన, మోకుతో కట్టుకొనియున్న మనిషికి వెంటనే దిగు వీలుండదు. దూరమున ఉరుము వినబడినను ఆ పూట ఎక్కుట మానవలెను. పసులకాపరులు మందను సాధ్యమైనంత వరకు మధ్యాహ్నమునకే ఊరి చేరువకు మరల్చవలెను. వైశాఖ మాసపు పెండ్లి పందిళ్ళు, షామియానాలు ఎండకు నీడనిచ్చును గాని పిడుగునకు అడ్డు కావు. గంటకు 50 కిలోమీటర్ల గాలికి గుంజలతో సహా లేచిపోగలవు. గాలి వలన కలుగు అపాయమును చిన్నచూపు చూడరాదు. 2018 మే 2వ తేదీన రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో చెలరేగిన గాలిదుమారమునకు గోడలు, కప్పులు, చెట్లు కూలి నూరుమందికి పైగా మరణించిరి. ఆదివారము సాయంకాలము మైదానములో ఆడుకొను పిల్లలను ఉరుము వినబడగానే ఇంటికి పిలుచుట పెద్దల బాధ్యత. ఆట ముగియవచ్చినదను మాటను ఆ వేళ అంగీకరింపరాదు.

ఉరుము వినబడినప్పుడు

మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడు వరకు అంకెలు లెక్కింపవలెను. శబ్దము ఒక కిలోమీటరు నడచుటకు సుమారు మూడు సెకనులు పట్టును. 30 లెక్కించులోపుననే ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపున పడుచున్నదని గ్రహించి వెంటనే పక్కా ఇంటిలోనికి చేరవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషముల వరకు బయటికి రాకూడదు. వాన వెలిసినదని తొందరపడి బయలుదేరి మరణించినవారు కలరు.

గోడలు, కప్పు, విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు గల ఇల్లు క్షేమము. పిడుగు పడినను ఆ తీగల, గొట్టముల వెంబడి విద్యుత్తు నేలలోనికి పోవును. అందుచేతనే ఆ వేళ ఇంటిలో నున్నవారు కుళాయిని, విద్యుత్పరికరములను తాకరాదు, స్నానము చేయరాదు. చేతి ఫోను పిడుగును ఆకర్షించునను మాటకు ఆధారము లేదు. గోడకు తగిలించి విద్యుత్తు నింపుచున్న ఫోనును మాత్రము తాకరాదు. లోహపు కప్పు గల కారు, బస్సు అద్దములు మూసికొనినచో ఇంటి వలెనే క్షేమమైనవి. ట్రాక్టరు, మోటారు సైకిలు, పూరిపాక, నాలుగు స్తంభముల మండపము క్షేమము కావు.

చెట్టు క్రింద నిలుచుట అన్నిటికంటె చెడ్డది. చెట్టుపై పడిన పిడుగు ప్రక్కనున్న మనిషిపైకి దుముకును. అదియు గాక, వేళ్ళ నుండి నేలలో నాలుగువైపుల ప్రాకును. నేలలో ప్రాకు విద్యుత్తు ఒక పాదము నుండి ఎక్కి రెండవ పాదము నుండి దిగును. పాదముల నడుమ ఎడమెంత ఎక్కువైన అపాయమంత ఎక్కువ. ముందుకాళ్ళకు వెనుకకాళ్ళకు నడుమ మిక్కిలి ఎడము గల పశువులు ఒకే చెట్టు క్రింద గుంపుగా చచ్చుటకు కారణమిదియే. 2021 మే నెలలో అస్సాములోని నాగావ్ జిల్లా కొండలలో ఒకేసారి 18 ఏనుగులు చనిపోగా, విచారణలో పిడుగే కారణమని తేలినది. ఏ ఆశ్రయమును దొరకని చోట మనుష్యులు గుంపుగా నిలువక దూరదూరముగా విడిపోయి, రెండు పాదములు దగ్గరగా చేర్చి, తల వంచి గొంతుకూర్చుండవలెను. నేలపై పడుకొనరాదు. ఇది గతిలేనప్పటి ఉపాయము మాత్రమే. పరుగెత్తి చేరగల ఇల్లున్నప్పుడు పొలములో గొంతుకూర్చుండుట తెలివి కాదు.

ఉరుము ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొనుట మన పెద్దల నుండి వచ్చిన అలవాటు. అందువలన పిల్లలకు భయము తగ్గును. ఆ పేర్లను ఇంటిలోనికి వచ్చి తలచుకొనవలెను.

పిడుగు తాకిన వ్యక్తికి చేయవలసిన సహాయము

పిడుగు తాకి పడిపోయిన వ్యక్తిలో చలనము లేకపోవుటచే చుట్టునున్నవారు అతడు మరణించెనని నిశ్చయించుకొని ఏడ్చుచు నిలిచిపోవుదురు. కొన్ని ప్రాంతములలో అతని దేహమును పేడలోనో మట్టిలోనో కప్పి, విద్యుత్తు దిగునని ఎదురుచూతురు. ఆ నిమిషములలోనే, బ్రదుకదగిన మనిషి నిజముగా మరణించును.

పిడుగు దేహము గుండ పోవునప్పుడు గుండె ఒక్కసారి ఆగును. పెక్కు సందర్భములలో అది తనంతట తానే తిరిగి కొట్టుకొన నారంభించును. కాని ఊపిరిని నడుపు మెదడు భాగము అంత త్వరగా తేరుకొనదు. ఊపిరి లేకపోవుటచే రక్తములో ప్రాణవాయువు తగ్గిపోయి, తిరిగి నడచుచున్న గుండె రెండవసారి ఆగిపోవును. ఈ రెండింటి నడుమ నున్న స్వల్పకాలములో ఎవరైనను ఊపిరి అందింపగలిగినచో ప్రాణము నిలుచును. వైద్యుల యందు ఒక ప్రత్యేక నియమము కలదు: ఇతర ప్రమాదములలో బ్రదికియున్నవారిని ముందు చూతురు, పిడుగుపాటున పెక్కురు పడినచోట, చనిపోయినట్లు కనిపించువారినే ముందుగా చూతురు. మూలుగుచున్నవారు సాధారణముగా బ్రదుకుదురు.

పిడుగు తాకిన దేహములో విద్యుత్తు నిలిచియుండదు. తాకినవారికి ఏ అపాయమును లేదు. తెగిపడిన కరెంటు తీగ తాకియున్న వ్యక్తి సంగతి వేరు. అచ్చట విద్యుత్తు ఆపువరకు ముట్టరాదు. ఉరుములింకను వినబడుచున్నచో పడినవానిని వీలైనంతలో క్షేమమైన చోటికి చేర్చవలెను. ఒకరు 108కి గాని 112కి గాని ఫోను చేయుచుండగా మరియొకరు సహాయము ఆరంభింపవలెను. పిలిచినను పలుకక, ఊపిరి లేకున్నచో, వెల్లకిలా గట్టి నేలపై పరుండబెట్టి, రొమ్ము నడుమ ఒక అరచేతి మడమనుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, సుమారు 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు నొక్కవలెను. నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కవలెను. ముప్పది నొక్కులకు ఒకసారి, తలను వెనుకకు వంచి, గడ్డమును పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి రెండుసార్లు ఊపిరి ఊదవలెను. రొమ్ము పైకి లేచుట కనిపింపవలెను. ఊపిరి వచ్చువరకు గాని వైద్యసిబ్బంది వచ్చువరకు గాని దీనిని మానరాదు. నొక్కువారు రెండు నిమిషములకొకసారి మారుచుండినచో అలసట రాదు. ఊరికి నలుగురైనను ఈ విధమును దగ్గరి ఆరోగ్య కేంద్రములో నేర్చుకొనియుండుట మేలు. చదివి తెలిసికొనుట వేరు, చేతితో చేసి నేర్చుకొనుట వేరు.

స్పృహ యున్నవారికి కాళ్ళు చేతులు చచ్చుబడినట్లుండవచ్చును. చాలమందికి కొన్ని గంటలలో తగ్గును. చెవి లోపలి పొర చిరిగి వినికిడి తగ్గవచ్చును. చర్మముపై ఫెర్ను ఆకును పోలిన ఎర్రని గీతలు కొందరికి కనిపించును. అవి దైవచిహ్నములు కావు, ఒకటి రెండు దినములలో మాయమగును. కాలిన చోట పసరులు, సిరా, పేస్టు పూయరాదు. పైకి బాగుగా నున్నవారు గూడ ఆసుపత్రికి పోయి గుండెను పరీక్ష చేయించుకొనవలెను. గర్భవతులు తప్పక పోవలెను.

వాన వెలిసిన తరువాత

వేసవి తొలివాన నేలమీది మాలిన్యమును చెరువులకు, బావులకు చేర్చును. వారము దినముల వరకు తాగునీటిని కాచి చల్లార్చి త్రాగవలెను. వంద లీటర్లకు పావు గ్రాము వంతున మంచి బ్లీచింగు పొడిని కలిపి అరగంట తరువాత వాడుకొనవచ్చును. శనివారము సాయంకాలపు జల్లుకు పాత టైర్లలో, కొబ్బరి చిప్పలలో, పూలకుండీల పళ్ళెములలో నిలిచిన నీటిలో డెంగీ దోమ గ్రుడ్డు పెట్టినచో, అది రెక్కలు వచ్చి ఎగురుటకు ఏడు నుండి పది దినములు పట్టును. ఆ నీటిని మరుసటి శుక్రవారము లోపల పారబోసి, పాత్రలను తోమి బోర్లించవలెను.